బావ కూర్చునే సీటు

మా పికప్ బండికి ముందు రెండే సీట్లు. కుడివైపుది నాది, ఎడమవైపుది మా బావది. బండి కాగితాల్లో అలా ఎక్కడా రాసి లేదు. కానీ మా అప్పని, అంటే మా పెద్దక్కని, ఆయనకిచ్చి పెళ్ళి చేసిన రోజే మా ఇంట్లోని మంచి ఆసనాలన్నీ ఆయనవైపోయాయి. వసారాలో పడక్కుర్చీ ఆయనది. భోజనాల్లో మొదటి విస్తరి ఆయనది. ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా మా నాన్న ఆ పడక్కుర్చీలో కూర్చునేవాడు కాదు, గోడకి ఆనుకుని కింద కూర్చుని దానికేసి మర్యాదగా చూసేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి, బండి కొన్నాక ఎడమ సీటు ఎవరిదన్న ప్రశ్నే నాకు రాలేదు.

పైగా ఆ బండిని ఎంచింది ఆయనే. పదకొండేళ్ళ క్రితం విజయనగరంలో ఒక రేకుల షెడ్డులో, అప్పటికే ఒకరి చేతిలో బాగా నలిగి ఉన్న బండి అది. మా బావ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. తలుపు తెరిచి, వేసి, ఆ చప్పుడు చెవి ఒగ్గి విన్నాడు. వంకాయలూ ఆనపకాయలూ పండించే మనిషికి ఇంజన్ల సంగతి ఏం తెలుసునని నేను అడగలేదు. ఆనపకాయని కొట్టి చూసినట్టే బండి తలుపుని కూడా రెండు వేళ్ళతో కొట్టి చూసి, తీర్పు చెప్పాడు.

"ఒరే, ఇది నిన్నొగ్గీదురా."

నన్ను వదిలెయ్యదు అని. ఆ మాట అయ్యాక ఇంక బండిలో లోపం వెతకడమంటే బావలో లోపం వెతకడమే.

నిజంగానే ఒగ్గెయ్యలేదు. పదకొండేళ్ళు మా ఇల్లు దాని మీదే నడిచింది. గరివిడి పక్క మా ఊరి నుంచి వారానికి రెండు రోజులు శ్రీకాకుళం మార్కెట్టుకి కూరగాయల లోడు. మిగతా రోజుల్లో కొబ్బరికాయలు, గోగునార, జీడిపిక్కలు, పెళ్ళివారి సామాన్లు, ఏదంటే అది. లోడు రోజుల్లో దారిలోనే బావ ఊరు. తన బస్తాలు వెనక వేయించి తను ముందు ఎక్కుతాడు. ఆయన సన్నటి మనిషి కాదు. ఆయన ఎక్కగానే బండి ఎడమవైపుకి ఒంగి నమస్కారం పెడుతుంది.

పోయిన వేసవి మొదట్లో ఆ ఎడమ సీటు స్ప్రింగులు కుంగిపోయాయి. బావ కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వస్తున్నాయి. నా సీటు అంతకు రెండేళ్ళ ముందే కుంగింది, గోనెసంచి మడిచి వేసుకుని సరిపెట్టుకున్నాను. కానీ ఆయన సీటుకి గోనెసంచి వేస్తే మా అప్ప ఏమనుకుంటుంది? మా ఊరి వడ్రంగి చేత మంచి పనసచెక్క కోయించి, సీటు అడుగున మేకులు కొట్టించి, పైన కొత్త రెక్సిన్ వేయించాను. బావ ఎక్కి కూర్చుని అటూ ఇటూ కదిలి, "బాగున్నాది," అన్నాడు. నాకు గుండె నిండిపోయింది.

వణుకు మొదలైంది ఆ తర్వాత కొన్నాళ్ళకి, రైల్వే గేటు దగ్గర.

గేటు పడి ఉంది. నేను ఇంజను ఆపలేదు. ఆ వయసు బండిని ఒకసారి ఆపితే మళ్ళీ తగులుకుంటుందో లేదో దానికే తెలియదు. గూడ్సు వస్తోంది, పోతోంది, ఎంతకీ అవడం లేదు. ఇంజను తన మానాన తను లయగా ఆడుతోంది. ఉన్నట్టుండి ఒక దెబ్బ తప్పింది. కాసేపటికి రెండు తప్పాయి. ఆ మీదట చలిజ్వరం వచ్చినట్టు మొత్తం బండే వణకడం మొదలెట్టింది. గేరు రాడ్డు ఊగుతోంది, అద్దం ఊగుతోంది, ముందు అతికించిన వినాయకుడు ఊగుతున్నాడు. గేటు లేచింది. గేరు వేసి కదిలాను. అంతే, ఏమీ జరగనట్టు పరిగెత్తింది.

"ఎండకిరా," అన్నాడు బావ.

"ఎండకే," అన్నాను.

రెండోసారి వచ్చింది. మూడోసారి ఆకాశం మబ్బుపట్టి ఉన్న రోజు వచ్చింది. ఎండ మీద నెపం పెట్టడం కుదరక గరివిడిలో ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ బండికి ఇంజను సీట్ల కిందే ఉంటుంది. అతను ఎడమ సీటు ఎత్తి తాడుతో కట్టాడు, ఇంజను స్టార్ట్ చేశాడు, చెయ్యి ఆనించాడు. గడియారంలా ఆడుతోంది.

"ఏటీ నేదు కదా బాబూ."

"ఇక్కడ రాదు. రైల్వే గేటు కాడ వస్తాది."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అలగైతే గేటుకి రిపేరు సెయ్యాల," అన్నాడు. అయినా వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపకూడదని కాబోలు, డీజిల్ ఫిల్టరు మార్చాడు. డీజిల్లో నీళ్ళు కలిశాయన్నాడు. పాత ఫిల్టరు తిరగేసి చూపించాడు కూడా. అందులో నీళ్ళు లేవు, అడుగున మిగిలిన డీజిల్లో నా మొహం మాత్రం కనిపించింది.

తర్వాత శ్రీకాకుళంలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే మెకానిక్కు. తెల్ల చొక్కా, చేతికి మరక లేదు, గోడ మీద రెండు సర్టిఫికెట్లు. వైరు పట్టుకుని బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. ఎక్కడ గుచ్చాలో దొరకలేదు.

"దీనికి కంప్యూటర్ లేదు సార్," అన్నాడు, నా ఇంట్లో ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి.

"లేదు. ఇది పాతది."

"అప్‌డేట్ అవ్వాలి సార్." అవ్వాల్సింది బండో నేనో చెప్పలేదు. కానీ అతను కూడా సీటెత్తి చూశాడు. అప్పుడూ బాగానే ఆడింది. ఇంజెక్టర్లు తీసి కడిగి బిగించాడు.

మా ఊరి టీ కొట్టు దగ్గర మాత్రం ఏ సందేహానికీ తావు లేదు. అక్కడ పొద్దున్నే నలుగురు నిపుణులు కూర్చుంటారు, నలుగురికీ నాలుగు జబ్బులు. కడుపుబ్బరం ఉన్నాయన ఇంజనుకి గేసు పట్టిందన్నాడు. మోకాలు మార్పించుకుని వచ్చినాయన ఇంజను కింది రబ్బరు మౌంటింగులు అరిగిపోయాయి, మార్చాల్సిందే అన్నాడు. షుగరున్నాయన డీజిలు బంకు మార్చమన్నాడు. భోగాపురం ఎయిర్‌పోర్టు పనిలో ఆర్నెల్లు మట్టి మోసిన ట్రాక్టరాయన, విమానాలు కూడా దిగేముందు ఇలాగే వణుకుతాయని, అది ఇంజను మంచిదని చెప్పడానికి గుర్తని వివరించాడు. భోగాపురంలో విమానాలు దిగే కాలమొచ్చింది గాని, నా బండి గేటు దగ్గర కుదురుగా నిలబడే కాలం రాలేదని నాకు ఒళ్ళు మండింది. అయినా మోకాలాయన మాట విని మౌంటింగులు మార్పించాను. మా ఆవిడ ముందువైపు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది. మర్నాడు గేటు దగ్గర బండితోపాటు అవి కూడా వణికాయి.

రోజూ వస్తే ఏ మెకానిక్కైనా పట్టేవాడే. ఇది రోజూ రాదు. ఒకసారి గేటు దగ్గర పది నిమిషాలు ఆగినా రాదు. ఒకసారి రణస్థలంలో టిఫిన్ కొట్టు ముందు ఆగిన కాసేపట్లోనే వస్తుంది. ఖాళీ బండికి దాదాపు రానే రాదు. వచ్చినా ఆగీ ఆగగానే రాదు, కాస్త గడిచాక వస్తుంది. ఒక్కోసారి మొదలై, నాలుగు దెబ్బలు తప్పి, నేను బావకేసి తిరిగేలోపు మళ్ళీ సర్దుకుంటుంది.

నేను పదో తరగతిలో సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఒక నోటుబుక్కు కొని గీతలు గీశాను. తేదీ, రోడ్డు, లోడు ఎంత, ఏ బంకు డీజిలు, ఎండా వానా, ఆగిన ఎంతసేపటికి వచ్చింది. రెండు నెలల్లో సగం పుస్తకం నిండింది. అందులో పక్క సీటులో ఎవరున్నారన్న గడి మాత్రం లేదు. బావ లోడు కిందికి రాడు కదా.

ఒకరోజు మా ఆవిడ ఆ పుస్తకం తిరగేసింది. ఆవిడకి సైన్సులో మార్కులు తక్కువ.

"ఇవన్నీ అన్నయ్యొచ్చిన దినాలే కదేటి," అంది. మా బావని ఆవిడ అన్నయ్య అంటుంది.

"నోరుముయ్."

"నానేటన్నాను? అన్నయ్య ఎక్కిన దినమే వణుకుతన్నాదన్నాను."

"మీ అన్నయ్య ఎక్కిన దినాలు వణకనివి కూడా ఉన్నాయి. ఇదిగో, సూడు. గురువారం ఎక్కినాడు, గేటు కాడ పది నిమిషాలున్నాం, రానేదు."

ఆవిడ పుస్తకం మూసి పెట్టి వెళ్ళిపోయింది. నా వాదనలో తప్పేమీ లేదు. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. ఎడమ సీటులో రెండు బియ్యం బస్తాలు వేసి, ఇంజను స్టార్ట్ చేసి, అరగంట చూస్తే తేలిపోయే సంగతి. సైన్సు అంటే అదే. బస్తాలు ఇంట్లోనే ఉన్నాయి. నేను వెయ్యలేదు. నిజం చెప్పాలంటే భయపడ్డాను. తేలాక ఏం చెయ్యాలి? "బావా, నువ్వెక్కితే బండికి జ్వరమొస్తాది, బస్సులో రా" అని ఎవరు చెప్తారు? మా అప్ప పెళ్ళయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని ఫలానా చోట కూర్చోవద్దని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అనకుండా ఇంజను బాగుచెయ్యాలని నా పంతం. అందుకని మౌంటింగులు, ఇంజెక్టర్లు, ఫిల్టర్లు మార్చాను. మార్చడానికి వీలున్నవన్నీ మార్చాను, ఆయన సీటు తప్ప.

ఈ మధ్యలో బావలో కూడా ఏదో మార్పు వచ్చింది, చూశాను గాని పట్టించుకోలేదు. బండి ఆగితే చాలు, తలుపు మీది పిడి ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. మొహం ఎర్రబడేది, కణతల మీంచి చెమట కారేది. బండి కోసం దేవుడికి మొక్కుకుంటున్నాడనుకున్నాను. రణస్థలంలో టిఫిన్ దగ్గర ఆగితే పూరీలు వద్దనేవాడు. పూరీలు వద్దనే మనిషి కాదు ఆయన.

"ఏటి బావా, ఒంట్లో బాగునేదా?"

"ఆకలి నేదురా. నువ్వు తిను."

నేను తిన్నాను. ఆయన భక్తికి నాకు కళ్ళు చెమర్చాయి కూడా.

ఇక ఆ గురువారం. గేటు పడింది. ఒక గూడ్సు వెళ్ళింది. గేటు లేవలేదు, ఎదురువైపు నుంచి ఇంకో గూడ్సు. ముందు బాగానే ఉంది బండి. రెండో గూడ్సు సగంలో ఉండగా మొదలైంది వణుకు. ఎప్పుడూ అంతగా వణకలేదు. గేటు లేచింది. గేరు వేసి, కదిలించి, పట్టాల మీదికి ఎక్కించాను. సరిగ్గా పట్టాల మధ్య ఇంజను ఆగిపోయింది.

వెనక లారీ హారన్లు. గేటు మనిషి ఎర్రజెండా పట్టుకుని అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. తాళం తిప్పుతున్నాను, తగులుకోవడం లేదు. వెనక తమ బస్తాల మీద కూర్చున్న రైతులు దూకి తోశారు. బావ కూడా తలుపు తీసుకుని దిగి, బండి వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. నేను ఇంకోసారి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే తగులుకుని, వణుకన్నది లేకుండా గేటు దాటేసింది.

"బావు సెయ్యేసినాడు, బండి కదిలింది," అన్నారు వెనకున్నవాళ్ళు. బావని మెచ్చుకుంటూ అందరూ మళ్ళీ ఎక్కారు. నేను బండి పక్కకి తీసి, స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు ఉండిపోయాను. నా వెనక ఆరుగురు మనుషులున్నారు. ఆ ఆరుగురి ఇళ్ళు నాకు తెలుసు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. విజయనగరం నుంచి పాత ఇనుము కొనేవాడికి కబురు పెట్టాను. ఆదివారం వస్తానన్నాడు. బండి పోతే నాకు ఇంకో పని రాదు. యాభై దాటాక ఇంకోడి బండికి డ్రైవరుగా వెళ్ళాలి. అది ఎలాగో మింగుతాను, కానీ బావకి చెప్పడం ఎలా?

వెళ్ళి చెప్పాను. వాళ్ళ వసారాలో కూర్చుని, ఆయన కేసి కాకుండా వాకిట్లో ఆరబోసిన చోడి గింజల కేసి చూస్తూ చెప్పాను. మా అప్ప లోపల ఉంది. బావ చుట్ట తీశాడు, వెలిగించకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నానే కదరా సూసినాను దాన్ని," అన్నాడు చివరికి.

"నీ తప్పేటున్నాది బావా. దాని వయసయిపోనాది."

"ఆదివారం కదేటి వస్తానన్నాడు? శనివారం ఎచ్చెర్ల ఎల్దాం. యూనివర్సిటీ దాటినాక పాత డీజిలు మేస్త్రీ ఒకడున్నాడు. ఆడు కూడా సూసి పోనాదంటే, అప్పుడు పోనాది. నాను కూడా వస్తాను."

ఆయన రాకుండా ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అనుకున్నందుకు సిగ్గేసింది.

మేస్త్రీకి డెబ్భై దగ్గర ఉంటాయి. హైవే పక్కన రేకుల షెడ్డు, భుజాన తువ్వాలు, ఒక స్టూలు. మేం వెళ్ళేసరికి టీ తాగుతున్నాడు. నేను అలవాటు కొద్దీ దిగి ఎడమ సీటు ఎత్తబోయాను.

"ఎత్తకు," అన్నాడు.

"ఇంజను కిందే ఉన్నాది మేస్త్రీ. అందరూ ఎత్తే సూసినారు."

"అందుకే దొరకనేదు. గేటు కాడ సీటెత్తుకుని కూకుంటావేటి నువ్వు?"

"నేదు."

"మరి? గేటు కాడ ఎలగుంటారో అలగే కూకోండి ఇద్దరూ. ఇంజను ఎయ్. ఇదే గేటనుకో."

స్టూలు తెచ్చి బండికి అడ్డంగా వేసుకుని, టీ గ్లాసుతో తనే గేటులా కూర్చున్నాడు. మేము లోపల. ఇంజను ఆడుతోంది. బాగా ఆడుతోంది. మేస్త్రీ చెవి పెట్టి వింటున్నట్టు కూడా లేడు. అద్దంలోంచి మా వైపే చూస్తున్నాడు, సరిగ్గా చెప్పాలంటే బావ వైపు. బావ ఎప్పట్లాగే పిడి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. టీ అయిపోయింది. మేస్త్రీ గ్లాసు కింద పెట్టి చుట్ట వెలిగించాడు. చుట్ట సగానికొచ్చింది. అప్పుడు తప్పింది ఒక దెబ్బ. తర్వాత రెండు. వణుకు మొదలైంది. నాలుగు క్షణాలు ఊగి మళ్ళీ సర్దుకుంది.

మేస్త్రీ లేచి వచ్చి ఎడమ తలుపు తెరిచాడు.

బావ చేతి వేళ్ళు పిడి మీద తెల్లబడి ఉన్నాయి. రెండు పాదాలూ నేలకి తన్నిపెట్టి ఉన్నాడు. ఆయనకీ సీటుకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. పంచె లోపల తొడలు గడగడా వణుకుతున్నాయి.

"బాబూ, తమరు కూకోండి," అన్నాడు మేస్త్రీ.

"కూకున్నాను కదేటి."

"కూకోనేదు. ముందు తమరి కాళ్ళు వణుకుతన్నాయి. ఆనక బండి వణుకుతన్నాది."

బావ నాకేసి చూశాడు. పరీక్షలో చీటీ పెట్టి దొరికిపోయినవాడి మొహం అది. ముప్ఫై ఏళ్ళలో ఆయన మొహం అలా ఉండగా నేను చూడలేదు, తల తిప్పుకున్నాను. ఆయన మెల్లగా కూర్చున్నాడు, బరువంతా వదిలేసి. ఇంజను ఊగిపోయింది.

"లెగండి."

లేచాడు. ఇంజను సర్దుకుంది.

"కూకోండి."

ఊగింది.

"లెగండి."

"ఇంక లెగలేనురా నాయనా," అన్నాడు బావ.

మేస్త్రీ ఆయన్ని చెయ్యి పట్టి దించి స్టూలు మీద కూర్చోబెట్టాడు. అప్పుడు సీటు ఎత్తాడు, ఇంజను చూడ్డానికి కాదు. సీటునే ఊడదీసి తిరగేశాడు.

"ఇదేటిది?"

"పనసచెక్క."

"ఎవులేసినారు?"

"నానే."

"ఎందుకు?"

"బావ కూకోడానికి."

మేస్త్రీ చెక్కని చూశాడు, స్టూలు మీద తొడలు రుద్దుకుంటున్న మనిషిని చూశాడు, నన్ను చూశాడు. సీటు కింద పోతున్న నల్లటి డీజిలు గొట్టాన్ని చూపించి బొటనవేలితో నొక్కాడు. నొక్కేసరికి అడుగున వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. వేలు తీస్తే మూసుకుంది.

"మనిషి కూకుంటే సెక్క వంగుతాది. సెక్క గొట్టాన్ని నొక్కుతాది. పగుల్లోంచి గాలి దూరుతాది. డీజిల్లో గాలి దూరితే ఇంజను ఇలగే పీకులాడుతాది. పరుగులో తెలీదు, నిల్సున్నప్పుడే తెలుస్తాది. సీటెత్తితే గొట్టం తిన్నగైపోతాది. ఎవులికి దొరుకుతాది?" అన్నాడు. పాత గొట్టం కోసేసి, కొత్తది మూరెడు ముక్క వేసి, రెండు క్లిప్పులు బిగించాడు. స్ప్రింగులకి వేరే పట్టీ కట్టాడు. పనసచెక్కని తన స్టూలు ఊగకుండా ఒక కాలి కింద పెట్టుకున్నాడు.

బావ మళ్ళీ ఎక్కాడు, చాలా జాగ్రత్తగా. కూర్చున్నాడు. ఇంజను మారు మాట్లాడలేదు.

తిరుగు దారిలో రణస్థలం దగ్గరికి వచ్చాక ఆయనే మొదలెట్టాడు.

"ఒకపాలి తువ్వాలు కింద ఇరుక్కుంటే లెగిసి తీసినాన్రా. వణుకు ఆగిపోనాది. కూకున్నాను, మొదలైనాది. నా బరువే అనుకున్నాను."

"సెప్పొచ్చు కదా బావా."

"ఏటని సెప్పను? ఎనక కూకుంటానంటే అలిగినానంటావు. మీ అప్ప రెండు దినాలు అన్నం ముట్టదు. మీ ఊళ్ళో అందరూ నీ ఇంటికొచ్చి, బావ ఎనకెందుకు కూకున్నాడని అడుగుతారు." కొంచెం ఆగాడు. "పైగా, బండి నాను సూసింది. నిన్నొగ్గీదని సెప్పింది నాను. నా వల్లే ఒగ్గేస్తన్నాదంటే నా మొకం ఎక్కడెట్టుకోను?"

నేను రోడ్డుకేసి చూస్తూ నడుపుతున్నాను.

"నువ్వెందుకు అడగనేదురా? నీకు తెలీనేదా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "అనుమానమొచ్చింది బావా. అడిగితే అలుగుతావని."

ఆయన పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వుతుండగానే ఆ గేట్లన్నీ గుర్తొచ్చాయి. మూడు నెలలు ఆయన గేటు గేటుకీ గాలిలో వేలాడుతుంటే, నేను పక్కనే కూర్చుని పుస్తకంలో గీతలు గీసుకున్నాను. టిఫిన్ కొట్టు ముందు బండి ఆపి, ఆయన పూరీలు వద్దంటే ఆ ప్లేటు కూడా నేనే తిన్నాను. టిఫిన్ కొట్టు వచ్చింది. ఆపాను. ఆ రోజు ఆయన రెండు ప్లేట్లు తిన్నాడు.

వాళ్ళ ఇంటి దగ్గర దింపితే మా అప్ప వాకిట్లోకి వచ్చింది. ఆయన నడకని చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏటి, ఇయ్యాల తిన్నగా నడుస్తన్నాడు? మూన్నెల్లనుంచి లోడుకెల్లొచ్చిన దినమల్లా తొడల నొప్పులంటన్నాడు. నూని రాసి రాసి నా సేతులు పోనాయి. వాతమనుకున్నాను. పెద్దాసుపత్రికి తీసుకెల్లమని నీకే సెప్పాలనుకున్నాన్రా."

బావ ఆమె వెనక నిలబడి నాకు కళ్ళతో సైగ చేశాడు, చెప్పొద్దని. "వాతమేనప్పా, ఎచ్చెర్లలో మందేసినారు, తగ్గిపోతాది," అన్నాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు.

ఆదివారం ఇనుము కొనేవాడు వచ్చాడు. బండి చుట్టూ తిరిగి, టైరుని కాలితో తన్నాడు. అమ్మనని చెప్పి పంపేశాను. టీ కొట్టు నిపుణులకి గొట్టం పగిలిందని మాత్రం చెప్పాను. తను మొదటినుంచీ చెప్తున్నది గాలి సంగతేనని కడుపుబ్బరమాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఈ ఒక్కసారికి ఆయన చెప్పింది నిజమే.

మంగళవారం మళ్ళీ లోడు. బావ ఎక్కాడు. బండి ఎడమవైపు ఒంగింది. గేటు పడింది, గూడ్సు వస్తోంది. ఇంజను తన మానాన తను ఆడుతోంది. చాలాసేపటికి ఎందుకో పక్కకి చూశాను. బావ పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని, సీటుకి జానెడు పైన ఉన్నాడు. తొడలు అప్పుడప్పుడే వణకడం మొదలెట్టాయి. అలవాటు పోలేదు.

మా ఇంట్లో అందరం ఆయనకి సీటు ఇచ్చాం. కూర్చున్నాడో లేదో ఒక్కరం చూడలేదు.

"బావా," అన్నాను. "కూకో."

ఇన్నేళ్ళలో ఆయనకి ఆ మాట చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. కళ్ళు తెరిచి నాకేసి చూశాడు. పిడి వదిలాడు. వెనక్కి ఆనుకుని, బరువంతా దించి, కాళ్ళు చాపుకున్నాడు.

"కూకున్నాన్రా," అన్నాడు.

గేటు లేచేదాకా అలాగే కూర్చున్నాడు.